ఏటికి రంగులేని రోజు

కాగులో తెడ్డు తిరగాలంటే భుజం బలం చాలదు, నడుము కదలాలి. నరసప్ప నడుము పొద్దు పొడిచినప్పటి నుంచీ కదులుతూనే ఉంది. మనిషెత్తు రాగికాగు, కింద తుమ్మకట్టెల మంట, లోపల కుతకుతమని ఉడుకుతున్న లక్క ఎరుపు. ఆయన రాతి దిమ్మె మీద నిలబడి, వేపమాను తెడ్డును రెండు చేతులా పట్టుకుని, మజ్జిగ చిలికేవాళ్ళలాగా ముందుకూ వెనక్కూ ఊగుతున్నాడు. ఊగినప్పుడల్లా నోట్లోంచి "హుం" అని ఒక శబ్దం వస్తుంది. అది పాటా కాదు, మూలుగూ కాదు. ఆ శబ్దం ఆగితే పక్కవాళ్ళు తలెత్తి చూస్తారు. ఆగనంతసేపూ నరసప్ప అనే మనిషి అక్కడున్నట్టు ఎవరికీ గుర్తుండదు.

గుర్తుండేంత ఆకారమూ కాదది. పొడుగు కాదు, పొట్టి కాదు. నలుపూ కాదు, చామనచాయా కాదు. కదిరి తిరునాళ్ళలో ఒకసారి తప్పిపోతే, భార్య రామాంజినమ్మ గుర్తులు చెప్పలేక, "మా ఆయన మనిషిలాగుంటాడప్పా" అని మాత్రం చెప్పగలిగింది. అయితే అదే మాటకు వెనకనుంచి ఇంకోటి చేర్చింది: "చేతులు మాత్రం పచ్చగుంటాయి." వెంటనే దొరికాడు.

ఆ చేతులే ఆయనకున్న ఆనవాలు. ఏ రోజు ఏ రంగు వండితే మోచేతుల దాకా ఆ రంగు. తోమినా పోదు, గీకినా పోదు. మరుసటి రంగు పడితేనే ముందటిది పోతుంది. కూతురు ఆదిలక్ష్మి పెళ్ళికి వారం ముందునుంచే సున్నిపిండితో రుద్దుకున్నాడు గానీ, ముహూర్తం ముందు రోజు దాకా నీలిమందు కాగు దగ్గరే ఉండాల్సి వచ్చింది. పెళ్ళిపీట మీద అల్లుడి కాళ్ళు కడిగాడు. కడిగి చేతులు తీసేసరికి అల్లుడి పాదాలు నీలం. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. కదిరిలో ఆ అల్లుణ్ణి ఇప్పటికీ కృష్ణపాదం అనే పిలుస్తారు. పాపం, అతను మంచివాడు, ఏమీ అనుకోలేదు.

కార్ఖానా పుట్టుక కూడా అంత వింతగానే జరిగింది. పట్టుచీరల వ్యాపారి గంగాధరప్ప పందొమ్మిదివందల ముప్పైమూడులో బెంగుళూరు పోయి, రైల్లోంచి వరసగా పొగగొట్టాలు చూసి వచ్చాడు. ధర్మవరంలో ఒక్కటీ లేకపోవడం ఆయనకు తలకొట్టేసినట్టయింది. చిత్రావతి ఒడ్డున ఏటిగడ్డ మీద స్థలం కొని, ముందు పొగగొట్టం కట్టించాడు. దాని కింద ఏం కాల్చాలన్నది తర్వాత ఆలోచించాడు. బత్తలపల్లి పక్క పల్లె నుంచి ఇటుకలు మోయడానికి వచ్చిన కూలీల్లో నరసప్ప ఒకడు. గొట్టం పూర్తయి, అందరూ ఇళ్ళకు పోయినా అతను తలెత్తుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఏమప్పా, ఇంకా పోల్యా?" అన్నాడు గంగాధరప్ప.

"పొగ ఎప్పుడొస్తాది సామీ? చూసి పోతా."

ఆ పొగ రావడానికి ఏడాది పట్టింది. అప్పటికి నరసప్ప కాగు దగ్గర మనిషైపోయాడు.

మొదట చౌడుమట్టి ఉడికించి సోడా తీశారు. పట్టునూలు ఉడకబెట్టడానికి సాలెవాళ్ళకు సోడా కావాలి కాబట్టి అది నడిచింది. తర్వాత గంగాధరప్పకు సబ్బు మీద మనసు పోయింది. ఆ సబ్బు మురికిని తియ్యడంలో ఎంత గట్టిదో తోలు తియ్యడంలోనూ అంతే గట్టిది. ధర్మవరం చాకళ్ళు దాన్ని తిరిగి తెచ్చి గేటు ముందు కుప్ప పోశారు. ఆ పైన రైల్వే వేలంలో కొన్న తుప్పు మేకులను ఆసిడ్‌లో కరగేసి నల్లరంగుకు వాడే అన్నభేది చేశారు. ఆ ఏడాదంతా ఏటిగడ్డ మీద గాలి పీలిస్తే చెంచాను నాకినట్టుండేది. ఇంతలో యుద్ధం వచ్చింది. జర్మనీ రంగులు ఆగిపోయాయి. మగ్గాల మీద తెల్లచీరలు తప్ప వేరే గతి లేదని సాలెవీధి గుండెలు బాదుకుంటుంటే, గంగాధరప్ప మద్రాసు నుంచి జయరాజు అనే కెమిస్టును తెచ్చి రంగులు వండించడం మొదలు పెట్టాడు. జయరాజు సన్నగా, భయంభయంగా ఉండే కుర్రవాడు. గంగాధరప్ప గట్టిగా మాట్లాడితే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవాడు. రోజులో ఎక్కువ భాగం తుడుచుకుంటూనే ఉండేవాడు.

పొగగొట్టం చుట్టూ నూనె మర వచ్చింది, బియ్యం మిల్లు వచ్చింది, అద్దకం కొట్టాలు వచ్చాయి, వాటిలో పనిచేసేవాళ్ళ గుడిసెలు వచ్చాయి. ఏటిగడ్డ ఒక పేటైంది. నరసప్ప ఇల్లు ఆ పేటలో కింది వరసలో, ఏటి వాలున ఉంది.

చిత్రావతిని నది అని పుస్తకాల్లో రాస్తారు. ధర్మవరం దగ్గర అది ఏడాదిలో చాలా భాగం ఇసుక. వానొస్తే ఒక పూట పొర్లుతుంది, మర్నాటికి తప్పు చేసినదానిలా మాయమవుతుంది. కాబట్టి ఏడాది పొడుగునా అక్కడ పారే నీళ్ళంటే కార్ఖానా తూములోంచి వచ్చేవే. సన్నని కాలువగా ఇసుక మీద వంకర్లు పోతూ, ఒకరోజు ఎర్రగా, ఒకరోజు పచ్చగా, ఒకరోజు నేరేడుపండు రంగులో పోతుంటుంది. పేట ఆడవాళ్ళు వెలిసిపోయిన పాత కోకలు తెచ్చి అందులో ముంచుకుంటారు. దానికి ఎవరికీ ఏమీ ఇవ్వనక్కర్లేదు. ముందుగా నరసప్పను అడిగితే చాలు.

ఆ రోజూ అడిగారు. గోడమీదుగా ఒక తల కనిపించింది. సుబ్బలక్ష్మమ్మ. భర్త పోయినా మగ్గం ఆపకుండా, నోరు అసలే ఆపకుండా బతుకుతున్న సాలెవీధి మనిషి.

"ఏమబ్బా నరసప్పా, ఈ పొద్దు ఏం రంగు?"

"కాగులో ఎరుపే అక్కా. ఏటిలోకి మాత్రం ఏ రంగూ రాదు. దొర వస్తాండాడు."

"దొర వస్తే రంగేటికి నిల్చిపోతాది?"

నరసప్ప తెడ్డు ఆపాడు. "నువ్వు పెట్టిన అర్జీకే గదా అక్కా ఆయప్ప వస్తాండేది."

సుబ్బలక్ష్మమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అర్జీ పెట్టింది తాగే నీళ్ళకి. చెలమలో నీళ్ళు తాగితే మనవనికి నోరంతా పుండ్లాయె, పెట్టనా మరి? రంగు మీద నాకేం కోపమబ్బా? మా చెల్లెలి కోక ఈ పొద్దు ముంచల్లని తెచ్చుకుంటి." గోడమీద కోక మూట చూపించి, గొణుక్కుంటూ పోయింది.

నరసప్ప మళ్ళీ ఊగడం మొదలుపెట్టాడు. నాలుగు ఊపులకు దగ్గు వచ్చింది. ఆయన దగ్గుకు, పొగగొట్టానికి ఏదో పొత్తుందని పేటలో చెప్పుకుంటారు. గొట్టం నల్లపొగ కక్కితే ఇక్కడ నరసప్ప దగ్గుతాడు. తెడ్డుకు గడ్డం ఆనించి, దగ్గు పోయేదాకా ఆగి, దిమ్మె పక్కన ఉమ్మి, దానిమీద కాలితో మట్టి కప్పి మళ్ళీ తెడ్డందుకున్నాడు. ఉమ్మి ఎర్రగా ఉంది. లక్క వండే రోజు అన్నీ ఎర్రగానే ఉంటాయి కదా అనుకున్నాడు. కిందటి వారం నీలిమందు వండినప్పుడు కూడా ఎర్రగానే ఉన్న సంగతి ఆయనకు గుర్తు రాలేదు, లేదా గుర్తు తెచ్చుకోలేదు.

గంగాధరప్ప వచ్చాడు. జరీపంచె, కోటు, తలపాగా, వేళ్ళకు ఉంగరాలు. వెనక జయరాజు, ఆ వెనక పీపాలతో ఎద్దులబండి. ఏటికి ఎగువన గంగాధరప్ప తోటలో మంచినీళ్ళ బావి ఉంది. తెల్లవారినప్పటి నుంచీ ఆ బావినీళ్ళు పీపాలతో తెచ్చి తూములో పోస్తున్నారు. తూమును బూడిదతో తోమారు, చింతపండుతో తోమారు. ఇప్పుడు అందులోంచి పోయే నీళ్ళు కళ్ళనీళ్ళలా ఉన్నాయి.

"నరసప్పా, దిగప్పా. మంటార్పేయండ్రా, కాగుమీద గోనెలు కప్పండి. నీకింకో పని ఉండాది."

నరసప్ప దిగాడు. గంగాధరప్ప ఆయన్ని పైనుంచి కిందికి, గుర్రాన్ని కొనేవాడిలా చూశాడు.

"దొర వచ్చి తూము కాడ నిలబడతాడు. నేను తూములో నుంచి గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి నీకిస్తా. నువ్వు ఆయన ముందర గటగటా తాగల్ల. అంతే."

"నేనా సామీ?"

"నువ్వే. అందరినీ చూసినా. ఒక్కొక్కని మొహం చూస్తే ఏదో దాస్తాండాడనిపిస్తాది. నీ మొహంలో దాసేదానికి చోటే లేదు."

నరసప్పకు అది పొగడ్తో కాదో తెలియలేదు. "ఎట్లుండాయి నీళ్ళని అడిగితే?"

"బాగుండాయని చెప్పు. అబద్ధం గాదు గదా. మా బావి నీళ్ళు, బాగుండక యాడికి పోతాయి?"

జయరాజు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "సార్, మురుగు తేరుకునేదానికి ఒక మడ్డిగుంట తవ్విస్తే ఈ అవస్థ ఉండదని నేను నిరుడే..." అన్నాడు. గంగాధరప్ప అతనివైపు తిరిగాడు. మిగతా మాట కళ్ళద్దాల గుడ్డలోకి పోయింది.

కానీ గంగాధరప్ప గొంతులో ఆ పొద్దు బెదురు కూడా ఉంది. పై అధికారి సరిగ్గా రాయకపోతే కార్ఖానా మూతపడుతుంది. మూతపడితే పేటలో సగం పొయ్యిలు వెలగవు. ఆ మాట ఆయన నరసప్ప చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. నరసప్ప తల ఊపాడు. తనవంటి మనిషి నీళ్ళు తాగితే ఇంతమందికి బువ్వ దొరుకుతుందంటే, కాగు తిప్పడం కంటే అదే సులువనిపించింది.

మిట్టమధ్యాహ్నం రైలుకు దొర దిగాడు. దొరంటే తెల్లదొర కాదు, కోస్తా జిల్లాల నుంచి బదిలీ మీద వచ్చిన ఆరోగ్యశాఖ అధికారి. లావుపాటి మనిషి, తలమీద టోపీ, టోపీమీద గొడుగు. ఇసుకలో బూట్లు దిగబడిపోతుంటే, దిగబడిన ప్రతిసారీ "అబ్బబ్బ" అంటూ తూము దగ్గరికి వచ్చాడు. పేటంతా ఒడ్డుమీద చేరింది. సుబ్బలక్ష్మమ్మ ముందు వరసలో కోక మూటతో సహా నిలబడింది.

"ఇదేనా మీ వ్యర్థజలం?" అని అడిగాడు అధికారి.

"ఇదే సార్," అన్నాడు గంగాధరప్ప. "దీన్నే విషమని అర్జీ పెట్టినారు. మా పనివాళ్ళు పొద్దస్తమానం తాగేది ఇవే." గ్లాసు ముంచి ఎండకెత్తి పట్టుకున్నాడు. నీళ్ళు తళతళలాడాయి. ఒడ్డుమీద జనం ఆ నీళ్ళను ఎన్నడూ చూడనట్టు చూశారు. నిజంగా చూడలేదు కూడా.

నరసప్ప గ్లాసందుకున్నాడు. ఎర్రటి వేళ్ళ మధ్య గ్లాసు రూబీరాయిలా కనిపించింది. కళ్ళు మూసుకుని తాగాడు. మొదటి గుక్క తర్వాత కళ్ళు తెరిచాడు. రెండో గుక్కను నోట్లోనే కాసేపు ఉంచుకున్నాడు. గంగాధరప్ప చెప్పినట్టు గటగటా తాగలేదు. పాయసం తాగినట్టు తాగాడు. గ్లాసు అడుగున మిగిలిన చుక్కలు కూడా తల వెనక్కి వాల్చి నోట్లో వేసుకున్నాడు.

"ఎలా ఉన్నాయయ్యా?"

"శానా బాగుండాయి దొరా," అన్నాడు నరసప్ప. మాట మనసులోంచి వచ్చింది. అధికారి ముఖంలో నమ్మకం కనిపించింది. గంగాధరప్ప ఊపిరి వదిలాడు. అక్కడితో ఆగితే సరిపోయేది. "ఇంత తియ్యని నీళ్ళు నేనెప్పుడూ తాగల్యా," అన్నాడు నరసప్ప.

అధికారి గొడుగు కొంచెం పక్కకు వాల్చాడు. "రోజూ ఇవే తాగుతారన్నారే?"

నరసప్ప గంగాధరప్ప వైపు చూశాడు. గంగాధరప్ప పొగగొట్టం వైపు చూశాడు.

"మీ ఇంట్లో ఏ నీళ్ళు తాగుతారు?"

"ఏటిలోవే దొరా. చెలమ తోడుకుంటాం. ఈడ్నించి కిందికి పోయిన నీళ్ళే ఆడ ఊరతాయి."

"అవి ఎలా ఉంటాయి?"

నరసప్ప ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదనీ కాదు, నిజం చెప్పాలనీ కాదు. అడిగిన మాటకు సరైన జవాబు వెతుకుతున్నాడు. "దినానికొక తీరుగుంటాయి," అన్నాడు.

ఒడ్డుమీద ఎవరో కిసుక్కుమన్నారు. సుబ్బలక్ష్మమ్మ "అట్ల చెప్పబ్బా!" అని అరిచింది. అధికారి గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, "పద, మీ ఇల్లు చూపించు," అన్నాడు.

రామాంజినమ్మ అప్పుడే రాగిసంగటి కెలుకుతోంది. గుమ్మంలో టోపీ, దాని వెనక పేట మొత్తం కనిపించేసరికి పిండిచేతులతోనే లేచి నిలబడింది. తాగడానికి నీళ్ళడిగారని అర్థమయ్యాక ఆమెకు ధైర్యం వచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళకు నీళ్ళివ్వడం తెలియనిదేముంది? ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి, ఇంకో చేత్తో బెల్లంముక్క చాచింది.

"బెల్లం ఎందుకమ్మా?"

"ముందర నోట్లో ఏసుకోండి సామీ. అది ల్యాకుంటే నీళ్ళు దిగవు."

అధికారి బెల్లం లేకుండా తాగాడు. ఆ ధైర్యానికి ఆయన్ని మెచ్చుకోవాలి. మొహం ఒకసారి ముడుచుకుని, ఒకసారి విచ్చుకుని, మళ్ళీ ముడుచుకుంది. మింగాలా ఉమ్మాలా అన్నది తేలక కాసేపు బుగ్గలు ఉబ్బించి నిలబడి, చివరికి మర్యాదకొద్దీ మింగాడు. తర్వాత చేయి చాచి బెల్లం తీసుకున్నాడు. ఆ పైన ఎవరితోనూ మాట్లాడకుండా ఇసుకలో దిగబడుతూ స్టేషనుకు పోయాడు.

ఎవరికీ చెప్పనక్కర్లేకుండానే అందరికీ అర్థమైంది. సుబ్బలక్ష్మమ్మ మొదట చప్పట్లు కొట్టింది. తర్వాత చేతిలోని మూట చూసుకుని, "మూసేస్తారా ఏంది? మగ్గానికి రంగు యాడిది మరి?" అని పక్కవాళ్ళనడిగింది.

గంగాధరప్ప పొగగొట్టం మొదట్లో ఇటుకల మీద కూలబడ్డాడు. జరీపంచెకు మసి అంటుకుంటున్నా చూసుకోలేదు. నరసప్ప వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. తిడతాడనుకున్నాడు, కొడతాడేమోననీ అనుకున్నాడు.

"తప్పాయె సామీ."

గంగాధరప్ప చాలాసేపు చూశాడు. ఎంత చూసినా ఆ మొహంలో తిట్టడానికి పట్టు దొరకలేదు. "నీ తప్పేముందిలే. బాగుండాయని చెప్పమని నేనే అంటి," అన్నాడు. తర్వాత విసుగ్గా చెయ్యి ఊపాడు. "పో. మంట ఆర్పేసినారు గదా, ఇంగ పనేముంది. ఇంటికి పోయి పండుకో."

నరసప్ప పగటిపూట ఇంటిదగ్గర ఉండడం పండగలకే. ఏం చెయ్యాలో తోచక అరుగుమీద కూర్చున్నాడు. తెడ్డు లేకపోయినా నడుము ముందుకూ వెనక్కూ కొంచెం కదులుతూనే ఉంది. రామాంజినమ్మ సంగటిముద్ద తెచ్చిపెట్టి, పక్కనే చతికిలబడి తిట్టడం మొదలుపెట్టింది.

"నోరు ఊరికే ఉండదా నీకు? ఇన్నేండ్లూ మాట్లాడనోనివి, ఈ పొద్దే మాట్లాడల్లనా?"

"అడిగినాడు, చెప్తి."

"అడిగితే? కార్ఖానా మూస్తే యాడికి పోతాం?"

నరసప్ప ముద్ద తుంచి నోట్లో పెట్టుకున్నాడు. రామాంజినమ్మ కోపం అయిపోయేదాకా తిట్టింది. అయిపోయాక గొంతు తగ్గించి అడిగింది. "నిజంగానే అంత బాగుండెనా ఆ నీళ్ళు?"

"ఊఁ."

"బెల్లం ల్యాకుండానేనా?"

"బెల్లమేటికే. అవే బెల్లం." ఆయన చెయ్యి చూసుకున్నాడు. "నీకొక చెంబుడు అడగల్లనుకుంటి. అంతమంది ముందర సిగ్గాయె."

రామాంజినమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. "మజ్జిగ తెస్తా ఉండు," అని లేచి లోపలికి పోయింది.

పొద్దు వాలింది. పొగ లేని గొట్టం నీడ పేటమీద పడి, ఇంటి అరుగుదాకా వచ్చింది. నరసప్ప స్తంభానికి ఆనుకుని ఆ నీడనే చూస్తున్నాడు. గాలి తేటగా ఉంది. ఒకసారి దగ్గబోయాడు, దగ్గు రాలేదు. నడుము ఊగడం మెల్లగా ఆగింది. రామాంజినమ్మ మజ్జిగ తెచ్చి, నిద్రపోయాడనుకుని, ఈగలు వాలకుండా పైటకొంగుతో విసిరింది. చాలాసేపు అట్లా విసిరాక, ఆయన చేయి తగిలి చల్లగా ఉంటే అప్పుడు తెలిసింది.

తెల్లవారేసరికి ఊరంతా ఒకటే మాట. కార్ఖానా నీళ్ళు తాగి నరసప్ప పోయినాడు. చూసినవాళ్ళు వందమంది ఉన్నారు. గ్లాసుడు తాగినాడప్పా, ఒక్క చుక్క విడవలేదు, పొద్దు కుంకకముందే పోయినాడు. పెనుకొండలో చెప్పుకున్నారు, హిందూపురం సంతలో చెప్పుకున్నారు. గంగాధరప్ప పాడె వెనక నడుస్తూ ఒకసారి నోరు తెరిచాడు. అవి మా తోట బావి నీళ్ళు అని చెప్పాలి. చెబితే ఆ బావినీళ్ళు తూములోకి ఎందుకు వచ్చాయో చెప్పాలి. నోరు మూసుకున్నాడు. ఆ తర్వాత కూడా చాలాసార్లు, అంగట్లో, రైల్లో, పెళ్ళిళ్ళలో, ఆ నోరు తెరుచుకుని అట్లాగే మూసుకునేది. నరసప్ప ఊపిరితిత్తుల సంగతి జయరాజుకు తెలుసు. అతను అడిగినవాళ్ళకల్లా చెప్పేవాడే. ఎవరూ అడగలేదు.

పై అధికారి ఉత్తరువు వచ్చింది. అందులో కార్ఖానా మూయమని లేదు, మడ్డిగుంట తవ్వమని మాత్రమే ఉంది. గంగాధరప్ప తవ్వించాడు కూడా. కానీ మనిషిని మింగిన రంగు మాకొద్దని సాలెవీధి మొండికేసింది. కూలీలు కాగు దిమ్మె ఎక్కలేదు. సుబ్బలక్ష్మమ్మ ఒక్కతే వెలిసిపోయిన కోకతో గేటు దగ్గరికి వచ్చి, లోపల చప్పుడేమీ వినపడక తిరిగిపోయేది. యుద్ధం అయిపోయి పరదేశపు రంగులు మళ్ళీ రైలు దిగేసరికి కార్ఖానా పేరెత్తేవాడు లేడు. జయరాజు మద్రాసు పోయాడు. గంగాధరప్ప తోట బావి నుంచి మాత్రం రోజూ ఒక పీపా రామాంజినమ్మ గుమ్మం ముందుకు వచ్చేది. ఆమె తాగింది, పేటకు పంచింది. చెలమ మళ్ళీ ఎవరూ తోడలేదు.

అంతకు చాలా ముందే, నరసప్ప పోయిన రెండు నెలలకు, కాగు అమ్మేస్తూ, ఆయన సామానేమైనా ఉంటే తీసుకుపొమ్మని గంగాధరప్ప కబురు పంపాడు. తాళం ఆయనే తీశాడు. ఏముంటుంది? తలగుడ్డ ఒకటి, పాత చెప్పులు. అవి తీసుకుని రామాంజినమ్మ షెడ్డు వెనక్కి తొంగి చూసింది. గోడవార, పగిలిన ఆసిడ్ జాడీలో ఎవరో ఏటి ఒండ్రు నింపి పొట్లపాదు పెట్టారు. తీగ వెదురుకట్టె పట్టుకుని కప్పుమీదికి పాకింది. నీళ్ళు పోసేవాళ్ళు లేకపోయినా చలికాలపు వానలకు బతికింది.

"ఎవరు పెట్టినారు సామీ ఇది?"

"నాకు తెల్దమ్మా. ఈ వెనకకి నేనెప్పుడూ రాల్యా."

ఆమె దగ్గరికి పోయింది. కప్పునుంచి ఒకే ఒక కాయ, నేలకు జానెడెత్తు దాకా, నిటారుగా దిగి ఉంది. దాని కొసకు, కాయ వంకర పోకుండా, ఎర్రటి వేలిముద్రలంటిన పట్టుదారపు ముక్కతో కట్టిన చిన్న ఏటిరాయి, గాలికి మెల్లగా ఊగుతోంది.